స్ప్రే కొట్టినా బొద్దింకలు పోవడం లేదేం?

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు. రాత్రి వంటింట్లో లైటు వేయగానే చిన్న చిన్న బొద్దింకలు స్టవ్వు వెనక్కి, మిక్సీ కిందికి పరుగెడతాయి. స్ప్రే కొట్టిన రోజు కొన్ని చస్తాయి, వారం తిరక్కుండా మళ్లీ మామూలే. ఇప్పుడు పడగ్గదిలోనూ కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: వాటిని పడగ్గదిలోకి తోలింది చాలావరకు ఆ స్ప్రేయే. ఎదురుపడ్డవాటిని చంపుతుంది, మిగతావాటిని చెదరగొడుతుంది. సందుల్లో నక్కినవాటికీ, గుడ్లకూ అది అందదు.

అర అంగుళం పొడవు, లేత గోధుమరంగు, తల వెనక రెండు నల్లటి నిలువు గీతలు ఉంటే అవి జర్మన్ బొద్దింకలు. డ్రైనేజీలోంచి రావు, కిరాణా అట్టపెట్టెల్లోనో, సెకండ్‌హ్యాండ్ ఫ్రిజ్‌లోనో ఇంట్లోకి చేరి, ఇక ఇక్కడే కాపురం పెడతాయి. ఆడది గుడ్ల సంచిని, పిల్లలు బయటికొచ్చేదాకా తోకకే మోస్తుంది. ఒక్కో సంచిలో 30-40 గుడ్లు. పిల్లలు రెండు మూడు నెలల్లో పెద్దవైపోతాయి. ఒక్క విడత మందుతో పని కాకపోవడానికి కారణం ఇదే.

ముందు గూడు ఎక్కడుందో పట్టుకోండి. అల్మారా బందుల మూలల్లో మిరియాల పొడి రాలినట్టు నల్లటి నలుసులు కనిపిస్తే అది వాటి రెట్ట. పక్కనే విడిచిన గోధుమరంగు పొరలు, ముక్కిన వాసన కూడా ఉంటాయి. సింకు కింద, స్టవ్వు వెనక, ఫ్రిజ్ పక్కన, కిరాణా అల్మారాలో ఒక్కో జిగురు అట్ట పెట్టి రెండు రాత్రులు వదిలేయండి. ఎక్కువ పడిన అట్టకు దగ్గర్లోనే గూడు. రెక్కల్లేని నల్లటి పిల్లలు ఎక్కువుంటే మరీ దగ్గరని అర్థం. పగలే తిరుగుతుంటే లోపల చోటు చాలడం లేదన్నమాట.

ఇప్పుడు జెల్, అంటే బొద్దింకలు తిని చచ్చే మందు కలిపిన ఎర. ఫిప్రోనిల్ 0.05 శాతం గానీ, ఇమిడాక్లోప్రిడ్ 2.15 శాతం గానీ ఉన్న సిరంజి కొనండి. పెట్టే ముందు స్టవ్వు కింది జిడ్డంతా తుడిచేయాలి, లేకపోతే జిడ్డు నాకి ఊరుకుంటాయి, జెల్ ముట్టవు. పెసరగింజంత చుక్కలుగా బందుల పక్కన, డ్రాయర్ పట్టాల వెనక, సింకు పైపు గోడలోకి దూరేచోట పెట్టండి. నాలుగు పెద్ద ముద్దల కన్నా పాతిక చిన్న చుక్కలు నయం. ఫ్రిజ్ కంప్రెసర్ వేడి తగిలేచోట జెల్ ఎండిపోతుంది, దానికి కాస్త ఎడంగా పెట్టాలి. చుక్కల దగ్గర స్ప్రే, ఫినాయిల్ వాడారో, ఆ జెల్ దండగే. తిన్నవి గూటికెళ్లి చస్తాయి. వాటి రెట్ట తిన్న పిల్లలూ చస్తాయి. రెండు వారాలకోసారి చూసి, తిన్న చుక్కల స్థానంలో కొత్తవి పెట్టండి. మూడు నెలలు ఆపకండి. ముట్టకపోతే మందు మార్చండి: కొన్నిచోట్ల తీపి ఎరను తిరస్కరించే బొద్దింకలు తయారయ్యాయి.

తిండి లేకున్నా వారాలు బతుకుతాయి గానీ నీళ్లు లేకుంటే తట్టుకోలేవు. రాత్రి సింకు తుడవండి, కారే కుళాయి బాగుచేయించండి, ఫ్రిజ్ వెనక నీళ్లు చేరే ట్రే చూడండి. దాన్ని అందరూ మరిచిపోతారు. పైపు చుట్టూ ఉన్న కంత వైట్ సిమెంటుతో పూడ్చండి. పైపులు వెళ్లే డక్ట్‌ను పంచుకునే పై, కింది ఫ్లాట్ల వాళ్లు కూడా అదే వారం జెల్ పెడితే త్వరగా తెములుతుంది.

ప్రశ్న: వానాకాలంలో మా బాత్రూంలోకి ఒకటిన్నర అంగుళం ఎర్రటి బొద్దింకలు వస్తున్నాయి. మాది మలక్‌పేట. వాటికీ జెల్లేనా?

జవాబు: అక్కర్లేదు. ఇవి డ్రైనేజీలో బతికేవి. వానకు మ్యాన్‌హోళ్లు నిండితే పైకెక్కుతాయి. నహానీ ట్రాప్‌లో (బాత్రూం నేల జాలీ కింద నీళ్లు నిలిచే గిన్నెలో) నీళ్లు ఉంటే దారి మూసుకున్నట్టే. వాడని బాత్రూంలో ఆ నీళ్లు ఆవిరైపోతాయి, వారానికో చెంబు నీళ్లు పోయండి. సన్న జాలీ బిగించి, వాషింగ్ మెషిన్ పైపు చుట్టూ సందు మూయించండి. కింది డ్రైనేజీ చాంబర్ మూతలు పగిలి ఉంటే అసోసియేషన్‌కు చెప్పి మార్పించండి. మరుగుతున్న నీళ్లు మాత్రం పోయకండి, పీవీసీ పైపుల అతుకులు వదులవుతాయి.