కబడ్డీలో తెగిన లిగమెంట్... దసరాకు ఆడొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 23 ఏళ్లు. ఉగాదికి కబడ్డీ ఆడుతుంటే మోకాలు మెలిపడి ‘టప్’మంది. సాయంత్రానికి బాగా వాచింది. నెల రోజులు కట్టు కట్టించాం. వాపు తగ్గింది గానీ మెట్లు దిగుతుంటే మోకాలు జారిపోతోంది. ఏసీఎల్ లిగమెంట్ (మోకాలి లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ పట్టి ఉంచే పట్టీ) పూర్తిగా తెగిందని, మెనిస్కస్ (ఆ ఎముకల మధ్య ఉండే మెత్త) చిరిగిందని స్కానింగ్‌లో వచ్చింది. కీహోల్ ఆపరేషన్ చేస్తే రెండు రోజుల్లో ఇంటికొస్తాడు, దసరాకు ఆడతాడు అంటున్నారు. నిజమేనా? 60 ఏళ్ల మా నాన్నకు మోకాళ్లు అరిగాయి. ఆయనకూ కెమెరాతో శుభ్రం చేయించొచ్చా?
– ఒక అక్క, గుత్తి

జవాబు: రెండు రోజుల్లో ఇంటికి రావడం నిజమే తల్లీ. దసరా మాట మర్చిపోండి. జూన్‌లో చేయించినా వచ్చే ఉగాదికి చూద్దాం.

పైన కనిపించేవి సెంటీమీటరు లోపు గాట్లు రెండు మూడు. ఒకదాంట్లోంచి 4 మిల్లీమీటర్ల కెమెరా గొట్టం వెళ్తుంది. కీలులో సెలైన్ నింపి, టీవీలో చూస్తూ చేస్తాం. లోపల పని మాత్రం పెద్దదే. ఇలా పూర్తిగా తెగిన ఏసీఎల్‌ను మామూలుగా కుట్టం. తొడ వెనక కండరం నరాన్ని (మనవాళ్లు నరం అనేది కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువునే) ఇంకో గాటు పెట్టి తీసి, తొడ ఎముకకీ కాలి ఎముకకీ రంధ్రాలు చేసి బిగిస్తాం. ఆ నరంలోకి మళ్లీ రక్తనాళాలు పాకి అది లిగమెంట్‌గా మారాలి. మొదటి నెలల్లో అది గట్టిపడకపోగా బలహీనపడుతుంది. నొప్పి తగ్గేదీ అప్పుడే! నా పేషెంట్ ఒకడు మూడో నెలలో బుడ్డల మూటలున్న ట్రాలీ మీంచి దూకి మళ్లీ తెంచుకున్నాడు. ‘నొప్పి లేదు కద సార్’ అన్నాడు.

మెనిస్కస్ బయటి అంచుకు రక్తం అందుతుంది కాబట్టి అక్కడ చిరిగితే కుడతాం. లోపలి అంచు చాలావరకు అతకదు, కత్తిరించాల్సిందే. కుడితే కొన్ని నెలలు గొంతుక్కూర్చోకూడదు. ఇంట్లో నేల బేసినే ఉంటే ముందే కమోడ్ కుర్చీ కొనండి. నెలంతా కట్టులో ఉన్న తొడ సన్నబడి ఉంటుంది. ఆపరేషన్‌కు ముందే ఫిజియోథెరపీ మొదలుపెట్టి, మోకాలు పూర్తిగా చాపగలిగేలా చూడండి. తర్వాత నెలల తరబడి అనంతపురం బస్సెక్కాలి. ఆ చార్జీలూ ఆపరేషన్ ఖర్చులో కలపండి.

నాన్నగారికి వద్దు. అరిగిన మోకాళ్లను కెమెరాతో కడిగినవాళ్లకూ, ఉత్తుత్తి గాట్లు పెట్టి కుట్టేసినవాళ్లకూ రెండేళ్ల తర్వాత నొప్పిలో తేడా లేదని 2002లో అమెరికాలో 180 మందిపై చేసిన పరీక్షలో తేలింది. ఆయనకు బరువు ఎక్కువుంటే తగ్గించండి. తమ్ముడు తొడ వ్యాయామాలు చేసేటప్పుడు పక్కనే కూర్చోబెట్టి ఆయనతోనూ చేయించండి.