బఫూను వేషంలో ఆడమనిషి: ఆనీ ఫ్రాటెల్లినీ గురించి మీ ప్రశ్నలు

ఫ్రాన్స్‌కు చెందిన సర్కస్ కళాకారిణి ఆనీ ఫ్రాటెల్లినీ గురించి, బఫూను పనిలోని కిటుకుల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒక ప్రశ్న కింద చేర్చాం.

*ప్రపంచంలో మొట్టమొదటి ఆడ బఫూను ఆనీయేనా? – ఒక పాఠకురాలు, తెనాలి*

కాదమ్మా. ఆమె పుట్టక ముందే, 1895లో, అమెరికాలో బార్నమ్ అండ్ బెయిలీ సర్కస్ ఎవెట్టా అనే ఆమెను 'లేడీ క్లౌన్' అని ఊరూరా చాటుకుంది. పోస్టరు మీద అలా వేశారంటేనే అప్పటికి అదెంత వింతో తెలుస్తోంది. ఆ తర్వాతా అక్కడొకరు, ఇక్కడొకరు వచ్చారు. ఆనీని మార్గదర్శి అనడానికి కారణం వేరు. బఫూన్లలో మగవాళ్ళ సొత్తుగా మిగిలిపోయిన పాత్రను ఎంచుకుని, ఆడమనిషినని ఎక్కడా గుర్తు చేయకుండా, ఏళ్ళ తరబడి నిలబెట్టింది. ఆ పనిని బయటివాళ్ళకు నేర్పడానికి బడి కూడా పెట్టింది.

1932 నవంబరు 14న అల్జీర్స్‌లో పుట్టింది. ఇటలీ మూలాలున్న సర్కస్ కుటుంబం. తాత పాల్, చిన్నతాతలు ఫ్రాంస్వా, ఆల్బేర్ కలిసి చేసిన త్రయానికి 1920లలో పారిస్ నీరాజనం పట్టింది. తండ్రి విక్టర్ కూడా ఆ పనివాడే. ఆనీ చిన్ననాడే రింగులోకి దిగింది, తర్వాత దాన్ని వదిలి పాటల వైపు, సినిమాల వైపు వెళ్ళిపోయింది. మళ్ళీ రింగుకు తెచ్చినవాడు పియేర్ ఎటెక్స్. సినిమా దర్శకుడు, బొమ్మలు వేసేవాడు, సర్కస్ అంటే ప్రాణం పెట్టేవాడు. 1969లో పెళ్ళి చేసుకున్నారు. 1970లో ఇటలీ దర్శకుడు ఫెల్లినీ బఫూన్ల మీద తీసిన చిత్రంలో ఇద్దరూ కనిపిస్తారు. 1971లో పిండర్ సర్కస్‌తో ఊళ్ళు తిరిగారు. అతను దర్జా ఒలకబోసే తెల్ల బఫూను, ఆమె 'ఆగస్టు' అనే తికమక బఫూను. 1997 జులైలో ఆమె కన్నుమూసింది.

*తెల్ల బఫూను, ఆగస్టు అంటే ఏమిటి? ఆడవాళ్ళకు ఆగస్టు వేషం ఎందుకు అంత దూరమైంది? – డిగ్రీ విద్యార్థి, హనుమకొండ*

మన ఊళ్ళకొచ్చే సర్కస్‌లో జోకర్లంతా ఒక గుంపుగా వస్తారు కాబట్టి ఈ తేడా మనకు కనబడదు. యూరప్‌లో అది జంట పని. తెల్ల బఫూను ముఖమంతా తెలుపు, ఒక కనుబొమ పైకెత్తి గీసిన నల్లగీత, సూదికొన టోపీ, తళుకుల దుస్తులు. రూలు చెప్పేవాడు అతనే. ఆగస్టుకు ఎర్రముక్కు, తనది కానట్టుండే వదులు కోటు, పెద్ద బూట్లు. రూలును తప్పుగా పాటించేవాడు అతను.

'పాటించకపోవడం' వేరు, 'తప్పుగా పాటించడం' వేరు. ఆగస్టు ఎదురు తిరగడు, తను అర్థం చేసుకున్నంత మేర నూటికి నూరుపాళ్ళూ చేస్తాడు. బాగా పాతదైన ఒక అంశం చూడండి. ఆగస్టు సాక్సోఫోన్ తీసి ఊదబోతాడు. 'ఇక్కడ వాయించకూడదు' అంటాడు తెల్ల బఫూను. సరేనని ఆగస్టు రెండడుగులు జరిగి అక్కడ మొదలుపెడతాడు. 'అది కూడా ఇక్కడే' అని కసురుతాడు. ఇంకో మూల, ఇంకో వాయిద్యం. చివరికి ఎక్కడ దాచాడో తెలియని బుల్లి వాయిద్యంతో అసలు పాట వినిపిస్తాడు. ఈ అంశం పండకపోవడానికి కారణం సాధారణంగా ఒకటే: తెల్ల బఫూను గట్టిగా కసరకపోవడం. అతనిలో నిజమైన అధికారం లేకపోతే ఆగస్టు చేసేది ఉత్త అల్లరిగా మిగులుతుంది. అందుకే తెల్ల బఫూనును పక్కవాద్యం అనుకోకూడదు. మృదంగం తాళం తప్పితే పాట ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

ఇక ఆడవాళ్ళ మాట. సర్కస్‌లో ఆడవాళ్ళకు చోటు లేదని కాదు. గుర్రం మీద, ట్రపీజ్ మీద, తీగ మీద వాళ్ళే ఉన్నారు. కాని అక్కడ వాళ్ళ పని చూడముచ్చటగా ఉండడం. ఆ అమ్మాయి పడితే ప్రమాదం, జనం గుండె పట్టుకుంటారు. ఆగస్టు పడితే జనం నవ్వాలి. ఒక ఆడమనిషి జారి పడితే, చెంపదెబ్బ తింటే, ప్యాంటు జారితే నవ్వడానికి ప్రేక్షకుడికి అనుమతి కావాలి. ఆ అనుమతి ఇచ్చేది వేషం, నడక. ఆనీ చేసింది అదే. నడుము కనిపించని కోటు, పెద్ద బూట్లు, ముక్కు. అందంగా కనిపించాలనే కోరికను గుడారం బయటే విడిచింది. వేషంలో సగం అందం ఉంచుకుని సగం నవ్వించాలనుకునేవాళ్ళకు రెండూ దక్కవు, ఇది ఇప్పటికీ నిజం.

ఈ విషయంలో మన తోలుబొమ్మలాట ఎప్పుడో ముందుంది. కేతిగాడు, జుట్టుపోలిగాడు మధ్యలో బంగారక్క దిగితే పందిరి ఊగిపోయేది. తిట్టేది, తన్నేది, తన్నులు తినేది. బొమ్మ కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. మనిషిగా అదే పని చేసే ఆడవాళ్ళకే దారి ఇరుకు.

*మా నాటక సమాజంలో నేను బఫూను వేషం వేయాలి. మేకప్ గంటలోనే కారిపోతోంది. – ఒక గృహిణి, విజయనగరం*

ఆగస్టు ముఖానికి తెలుపు కళ్ళ చుట్టూ, నోటి చుట్టూ మాత్రమే ఉంటుంది. మిగతాది చర్మం రంగుకు కొంచెం ఎరుపు కలిపిన పూత. కారడానికి కారణం దాదాపు ప్రతిసారీ పూత మందంగా ఉండడం, పౌడరు తక్కువ కావడం.

ముఖం కడిగి పూర్తిగా ఆరనివ్వండి. జుట్టు గుడ్డతో వెనక్కి కట్టండి. కళ్ళు, నోరు వదిలేసి చర్మం రంగు పూత పల్చగా వేయండి. తెలుపు వేసే చోట చర్మం శుభ్రంగా ఉండాలి. ఒక్కో కంటికి శనగగింజంత తెలుపు, నోటి చుట్టూ దానికి రెట్టింపు చాలు. రుద్దకండి, వేలికొనలతో తట్టండి, గీతలు పోతాయి. తర్వాత ఉతికిన పాత నూలు సాక్సులో టాల్కం పౌడరు పోసి మూతి ముడివేసి, ఊపిరి బిగబట్టి, ముఖమంతా తట్టండి. ఒక నిమిషం ఆగి మెత్తని బ్రష్‌తో ఎక్కువైన పొడి దులిపేయండి. అప్పుడే ఎరుపు, నలుపు. వాటి మీద మళ్ళీ పౌడరు. తెలుపు మీద పౌడరు వేయకుండా ఎరుపు పెడితే రెండూ కలిసి గులాబీ మరకవుతుంది. మీరు పంపిన ఫోటోలో కనిపిస్తున్నది అదే.

పై పెదవికి రంగు వేయకండి. కింది పెదవికి మాత్రమే వేస్తే మూతి కదలికలు పదో వరుసకు కూడా తెలుస్తాయి. కళ్ళ చుట్టూ నల్లరంగు ఎక్కువైతే పిల్లలు ఏడుస్తారు, సన్నగీత చాలు. చెమట పడితే తుడవకుండా కాగితపు రుమాలు అద్దండి.

ముక్కు అతికించే జిగురు అందరికీ పడదు. ముందురోజు మోచేతి లోపలి వైపు చుక్క వేసి 24 గంటలు చూడండి. దురద వస్తే జిగురు మానేసి సన్నని ఎలాస్టిక్ దారం వాడండి. స్పాంజి ముక్కు ముక్కురంధ్రాలను నొక్కితే గొంతు మారిపోతుంది, లోపల కత్తెరతో కొంచెం వెడల్పు చేయండి. తీసేటప్పుడు ముందు కొబ్బరినూనె, తర్వాత కాగితం, చివర్లోనే సబ్బు. ముందే సబ్బు పెడితే జిడ్డురంగు కళ్ళలోకి పాకుతుంది.

ఒక మాట గట్టిగా చెబుతున్నాం. గోడరంగుల కొట్లో దొరికే సఫేదా ముఖానికి వాడకండి. పాతకాలపు యూరప్ బఫూన్లు సీసం కలిసిన తెలుపు పూసుకుని ఆరోగ్యం పోగొట్టుకున్నారు. మన వేషధారులు వాడిన అర్దళంలో ఉన్నది పాషాణం, ఆర్సెనిక్. ఇంట్లో పాత పెట్టెలో ఉన్నా బయటకు తీయవద్దు.

*స్కూలు వార్షికోత్సవంలో పిల్లలతో చెంపదెబ్బ, పడిపోవడం చేయించాలి. దెబ్బ తగలకుండా ఎలా? – ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం*

నాటక వేదిక మీద ఒక వైపే జనం, కాబట్టి దెబ్బను వీపు చాటున దాచవచ్చు. సర్కస్ రింగు 13 మీటర్ల వలయం, చుట్టూ జనమే. దాచడానికి వీలు లేదు కాబట్టి అక్కడ దెబ్బ తినేవాడే తన రెండు చేతులూ చరిచి చప్పుడు చేస్తాడు. పిల్లలకు ఈ పద్ధతే మంచిది.

కొట్టేవాడు చేయి పూర్తిగా చాపినా వేలికొన ఎదుటివాడి ముక్కుకు జానెడు దూరంలో ఆగాలి. ఆ దూరం చూసి ఇద్దరి కాళ్ళ దగ్గరా సుద్దగీత గీయండి, గీత దాటితే ఆట ఆపండి. లెక్క నాలుగు. ఒకటికి ఇద్దరూ కళ్ళలోకి చూసుకోవాలి. రెండుకు చేయి లేవాలి. మూడుకు చేయి ముఖం ముందు నుంచి వెళ్ళాలి, అదే క్షణంలో తినేవాడు నడుము దగ్గర చప్పట్లు కొట్టాలి. నాలుగుకు తల తిప్పాలి. సగం వేగంతో ఇరవైసార్లు చేశాకే అసలు వేగం.

ఎక్కువమంది పిల్లలు చప్పుడు కంటే ముందే తల తిప్పేస్తారు, దాంతో గుట్టు బయటపడుతుంది. కొందరు ఉత్సాహంలో చేయి ఊపుతూ అడుగు ముందుకేస్తారు, నిజంగా తగిలేది అప్పుడే. ఒకటో లెక్క, అంటే కళ్ళలోకి చూసుకోవడం, ఎప్పుడూ వదలొద్దు. అది అవతలివాడు సిద్ధంగా ఉన్నాడన్న గుర్తు.

పడడం నిలబడి మొదలుపెట్టవద్దు. 5 సెంటీమీటర్ల మందం పరుపు మీద గొంతుకూర్చుని, గడ్డం ఛాతీకి ఆనించి, ఊపిరి వదులుతూ ఒక పక్క పిర్ర మీదికి, ఆ తర్వాత వీపు మీదికి దొర్లాలి. అరచేతులు వెనక్కి ఆనిస్తే మణికట్టు విరుగుతుంది, అది అందరూ చేసే పొరపాటు. చేతులను పొట్టమీద కట్టించి నేర్పండి. తల వెనక్కి వాల్చేవాళ్ళకు గడ్డం కింద మడిచిన రుమాలు పెట్టి అది జారిపోకుండా పడమనండి. వారం రోజులు ఇలా చేశాక సగం కూర్చున్న భంగిమ, తర్వాత నిలబడి. మోకాలి మీద పడే వేడుక మాత్రం పిల్లలకు వద్దు.

*ఆ పెద్ద బూట్లతో ఎలా నడుస్తారు? – ఏడో తరగతి విద్యార్థిని, అనకాపల్లి*

పెద్ద బూటు లోపల, మడమ వైపు, మన కొలతకు సరిపోయే మామూలు బూటు కుట్టి ఉంటుందమ్మా. ముందు భాగంలో ఉన్నది ఊరికే గుడ్డ, దూది, స్పాంజి. మోకాలు కొంచెం పైకెత్తి, మడమ ముందు ఆనించి నడవాలి. మెట్లు మాత్రం పక్కకు తిరిగే ఎక్కాలి. దూది మరీ ఎక్కువ కూరితే మొన బరువెక్కి కాలు ఈడుస్తుంది.

*మా అమ్మాయికి పదకొండేళ్ళు, సర్కస్‌లో చేరతానంటోంది. ఏం చెప్పాలి? – ఒక తల్లి, కడప*

ఈ ప్రశ్నకు ఆనీ జీవితంలోనే సగం జవాబుంది. ఆమె కాలంలో సర్కస్ పని రక్తసంబంధంతో వచ్చేది. తాత తండ్రికి, తండ్రి బిడ్డకు. ఇంటి పేరు లేనివాళ్ళకు తలుపు మూసే ఉండేది. ఆనీ, ఎటెక్స్ కలిసి 1970ల మధ్యలో పారిస్‌లో సర్కస్ బడి మొదలుపెట్టి ఆ తలుపు తీశారు. ఏ కుటుంబం నుంచి వచ్చినవాళ్ళైనా దొమ్మరి విద్యలు, తీగ మీద నడక, బంతులాట, సంగీతం నేర్చుకోవచ్చు. 1985లో ఫ్రాన్స్ ప్రభుత్వం షాలోన్‌లో జాతీయ సర్కస్ కళల కేంద్రం ఏర్పరిచింది. ఆనీ పోయాక 2003లో ఆ బడి పారిస్ పక్కనున్న సాన్ దెనీలో ఫ్రాటెల్లినీ అకాడమీగా కొత్త చోటు చూసుకుంది. తనదైన పని చెయ్యడం కన్నా, తన ఇంటి విద్యను ఇంటి బయటివాళ్ళకు పంచడమే ఆమె చేసిన పెద్ద పని అని మా అభిప్రాయం. ఎటెక్స్‌తో విడిపోయాక కూతురు వలేరీ తెల్ల బఫూనుగా ఆమెకు జోడీ అయింది. ఆడవాళ్ళిద్దరే జంటగా రింగులో నిలవడం ఆమె మొదలుపెట్టిననాడు ఊహకందని సంగతి.

మన దగ్గర పరిస్థితి వేరు. సర్కస్‌లలో పిల్లలతో పని చేయించడాన్ని 2011లో సుప్రీంకోర్టు ఆపేయమంది. అది పిల్లల మేలు కోరి చేసినదే, దానికి అడ్డదారి వెతకవద్దు. ఉత్తరాంధ్ర మల్లుడు కోడి రామమూర్తినాయుడు సొంతంగా సర్కస్ కంపెనీ నడిపిన నేల మనది. కాని ఆయన వెంట ఒక బడి నిలవలేదు, అందుకే ఈనాటి పిల్లలు వేర్వేరు చోట్ల ముక్కలుగా నేర్చుకోవాలి.

ఇప్పుడు మొదలుపెట్టదగినవి మూడు. వారానికి మూడు రోజులు జిమ్నాస్టిక్స్, అర్హత ఉన్న గురువు దగ్గర, పరుపు ఉన్న చోట. రెండోది ఒక వాయిద్యం. ఆనీ సాక్సోఫోన్, అకార్డియన్ వంటివి శ్రద్ధగా వాయించేది, ఎందుకంటే బాగా వాయించడం వస్తేనే తప్పుగా వాయించి నవ్వించడం కుదురుతుంది. వేణువో హార్మోనియమో ఏదైనా పరవాలేదు. మూడోది మూడు బంతులాట. బంతులు ఒక్కొక్కటి 120 గ్రాముల దాకా ఉండాలి. పాత గుడ్డలో సజ్జలు పోసి కుట్టుకోవచ్చు, రబ్బరు బంతులైతే పడ్డప్పుడల్లా దొర్లి ఓపిక చంపేస్తాయి. మొదటి వారం ఒకే బంతిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి, కళ్ళ ఎత్తున ఒక వంపుగా. రెండో వారం రెండు. ఒకటి వంపు పైకి చేరిన క్షణంలో రెండోది వదలాలి. రెండోదాన్ని పైకి వేయకుండా చేతి నుంచి చేతికి అందించేస్తుంటే, పిల్ల మూడో బంతికి ఎప్పటికీ చేరదు. అది గమనించగానే బంతి తీసుకుని మళ్ళీ ఒకదానికి తేవాలి. బంతులు ముందుకు పారిపోతుంటే గోడకు ఎదురుగా ఒక అడుగు దూరంలో నిలబెట్టండి. రోజుకు పది నిమిషాలు చాలు, మంచం ముందు నిలబడి చేస్తే ప్రతిసారీ నేలకు వంగే పని తప్పుతుంది.