జనరల్ గారి జీవితం రాయబోతున్న మేనకోడలికి

కడప

చిరంజీవి పాపకు మామ ఆశీస్సులు.

కర్నూలులో స్థిరపడిన ఆ రిటైర్డ్ మేజర్ జనరల్ గారు తన బతుకంతా నీకు చెప్పడానికి ఒప్పుకున్నారని, నువ్వు దాన్ని తెలుగులో రాయబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషపడ్డాను. మన సీమ నుంచి మిలిటరీకి పోయినవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్ల జీవితాలను రాసిపెట్టినవాళ్లే తక్కువ. అందుకే ఈ పని నువ్వు బాగా చెయ్యాలని నా ఆశ. పల్టన్ (బెటాలియన్) ఆఫీసులో క్లర్కుగా చేరి సుబేదారుగా ఇంటికొచ్చినవాణ్ని నేను. ఆఫీసర్ల కాగితాలు ఎన్నో నా చేతుల మీదుగా పోయాయి. ఆ ఎరుకతో రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందు హోదాలు నేర్చుకొని పో. లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్, లెఫ్టినెంట్ కల్నల్, కల్నల్, బ్రిగేడియర్, ఆ పైన మేజర్ జనరల్, లెఫ్టినెంట్ జనరల్, జనరల్. మేజర్ జనరల్ కంటే లెఫ్టినెంట్ జనరల్ పెద్ద. దీన్ని తలకిందులుగా రాసినవాళ్లను చాలామందిని చూశాను. భుజం మీద అడ్డంగా కత్తి, దండం, వాటితో ఒక నక్షత్రం ఉంటే మేజర్ జనరల్. నక్షత్రం బదులు అశోకుడి సింహాలుంటే లెఫ్టినెంట్ జనరల్. ఈ గుర్తులు తెలిస్తే పాత ఫొటో చేతిలో పెట్టగానే అది ఏ కాలానిదో నువ్వే పోల్చుకుంటావు. ఇంకో సంగతి. ఇప్పుడు కమిషన్ అయినవాళ్లు, అంటే ఆఫీసర్లుగా చేరినవాళ్లు, 2 ఏళ్లకు కెప్టెన్, 6 ఏళ్లకు మేజర్, 13 ఏళ్లకు లెఫ్టినెంట్ కల్నల్ అవుతారు. ఈ పద్ధతి 2004 డిసెంబరు నుంచి వచ్చింది. అంతకుముందు ఇంత తొందరగా అయ్యేది కాదు. సెకండ్ లెఫ్టినెంట్ అనే హోదా కూడా ఉండేది. ఇప్పటి లెక్క పట్టుకొని ఆయన సంవత్సరాలను సరిచూడబోకు.

ఛాతీ మీది పతకాల రిబ్బన్లు చదవడం కూడా నేర్చుకో. పూర్వీ స్టార్ అంటే 1971లో తూర్పు రంగం, పశ్చిమీ స్టార్ అంటే పడమటి రంగం. ఆపరేషన్ విజయ్ స్టార్ 1999 కార్గిల్ పోరుది. సియాచిన్‌లో ఉన్నవాళ్లకు దాని మెడల్ వేరే ఉంది. 9, 20, 30 ఏళ్ల సర్వీసుకు ఇచ్చేవీ ఉన్నాయి. పేరు చివర ఏ.వి.ఎస్.ఎం. (అతి విశిష్ట సేవా మెడల్) అనో వి.ఎస్.ఎం. (విశిష్ట సేవా మెడల్) అనో ఉంటే అది విశిష్ట సేవకు ఇచ్చినది. వీర చక్ర, మహావీర చక్ర శత్రువు ఎదుట చూపిన ధైర్యానికి. సేనా మెడల్ రెండింటికీ ఇస్తారు, అది ఉంటే దేనికి వచ్చిందో అడుగు. అన్నిటినీ కలిపి శౌర్య పతకాలని రాశావంటే మొదటి పేజీలోనే ఆయనకు నీ మీద నమ్మకం పోతుంది.

సాధన కోసం జనరల్ కె.వి. కృష్ణారావు గారి జీవితాన్ని తీసుకో. మన తెలుగువాడు. 1942లో మహార్ రెజిమెంటులో కమిషన్, 1971 యుద్ధంలో 8 మౌంటెన్ డివిజన్ కమాండర్‌గా ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ వైపు పోరు, 1981 నుంచి 1983 దాకా ఆర్మీ చీఫ్, ఆ తర్వాత ఈశాన్య రాష్ట్రాలకు, జమ్మూ కాశ్మీరుకు గవర్నర్, 2016లో మరణం. ఒక్క వాక్యంలో ఎంత పట్టిందో చూడు. ఇందులో తప్పేమీ లేదు, మనిషి కూడా లేడు. ఇంగ్లీషువాళ్ల సైన్యంలో చేరిన ఆ తెలుగు కుర్రవాడు, 5 ఏళ్లు తిరక్కుండానే దేశమూ సైన్యమూ రెండూ చీలిపోతుంటే ఏమనుకున్నాడు? నిన్నటిదాకా ఒకే మెస్సులో తిన్నవాళ్లు సరిహద్దు అవతలికి పోతుంటే ఏం మాట్లాడుకున్నారు? నీ పుస్తకంలో ఇలాంటివి ఉండాలి.

మొదటి రోజే యుద్ధం గురించి అడగొద్దు. స్కూళ్లలో, సభల్లో చెప్పి చెప్పి నున్నబడిన కథ ఒకటి ప్రతి ఆఫీసర్ దగ్గరా ఉంటుంది. నువ్వు అడిగితే అదే వస్తుంది. ఆయన నల్ల ట్రంకు పెట్టె చూపించమను. దాదాపు ప్రతి ఫౌజీ (సైనికుడి) ఇంట్లో అది ఉంటుంది, మీద తెల్ల పెయింటుతో పేరు, నంబరు, యూనిట్. హోదా మారినప్పుడల్లా పాతది చెరిపి కొత్తది రాసిన మచ్చలుంటాయి. ఆ పెట్టెతో మొదటిసారి ఇల్లు వదిలిన రోజు అడుగు. ఏ స్టేషన్లో ఎక్కారు, గుంతకల్లులో బండి మారారా, ఎవరు సాగనంపారు, వాళ్ల నాయన ఏమన్నారు. అక్కడి నుంచి అకాడమీకి పో. ఖడక్‌వాస్లా ఎన్.డి.ఏ.లో (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) 3 ఏళ్లు, ఆ పైన డెహ్రాడూన్‌లో ఒక ఏడాది చేశారా, డిగ్రీ అయ్యాక నేరుగా డెహ్రాడూన్ పోయారా, మద్రాసు ఓ.టి.ఏ. (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ) నుంచి వచ్చారా? దారిని బట్టి స్నేహాలు మారతాయి. కోర్స్‌మేట్ అంటే అకాడమీలో ఒకే బ్యాచ్‌వాడు, సొంత తమ్ముడికంటే ఎక్కువ వాళ్లకు.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది చెప్తాను. జనరల్ జీవితం అనగానే అందరూ పైభాగం మీద పడతారు, డివిజన్, ఢిల్లీ పోస్టింగ్, మంత్రులతో ఫొటోలు. నువ్వు కింద నుంచి రాయి. డివిజన్ కమాండర్ కింద వేలమంది ఉంటారు, ఆయన చూసేది మ్యాపులు, ఫైళ్లు. అదే మనిషి కంపెనీ కమాండర్‌గా ఉన్నప్పుడు ఆయన చేతి కింద ఉండేది నూట ఇరవై మంది చిల్లర. ఎవడి చెల్లెలికి పెళ్లి కుదిరింది, ఎవడి పొలం తగాదాలో ఉంది, ఎవడు రాత్రి పూట ఏడుస్తున్నాడు, అన్నీ తెలిసి ఉండాలి. మంచి ఆఫీసర్ అక్కడే తయారవుతాడని నా నమ్మకం. పుస్తకంలో సగం ఆ ఏళ్లకే ఇవ్వు.

ఆ ఏళ్లలో ఆయన ఏ భాషలో బతికారో కూడా అడుగు. గూర్ఖా పల్టన్‌కు పోయిన ఆఫీసర్ నేపాలీ, సిక్కు పల్టన్‌కు పోయినవాడు పంజాబీ నేర్చుకోక తప్పదు. జవాన్ల భాష రాకుండా వాళ్లను ముందుకు నడపలేడు. కర్నూలు తెలుగు మాట్లాడే కుర్రవాడికి మొదట్లో ఆ మాటలు ఎవరు నేర్పారు? నేర్పినవాడు ఒక సుబేదారో హవల్దారో అయి ఉంటాడు. కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్‌కు "సాబ్, ఇలా కాదు, ఇలా చేద్దాం" అని చెవిలో చెప్పేది వాళ్లే. ఆ మనిషి పేరు, ఊరు రాసుకో, బతికుంటే ఫోన్ చెయ్యి. సీఓగా (కమాండింగ్ ఆఫీసర్) పల్టన్ నడిపిన రెండు రెండున్నర ఏళ్లకు వేరే అధ్యాయం పెట్టు. ఆయన వదిలి వెళ్లేరోజు జవాన్లు వీడ్కోలుగా జీపుకు తాళ్లు కట్టి లాగారా, అప్పుడు ఎవరి ముఖం చూశారు, అడుగు.

కల్నల్ నుంచి పైకి పోవడం సర్వీసు ఏళ్లతో కాదు, సెలెక్షన్ బోర్డులతో. కల్నల్‌కు నంబర్ 3 బోర్డు, బ్రిగేడియర్‌కు నంబర్ 2, మేజర్ జనరల్‌కు నంబర్ 1. ప్రతి బోర్డులో చాలామంది ఆగిపోతారు. సూపర్‌సీడ్ అయ్యాడంటారు. ఆ మాట విన్న రోజు ఇళ్లలో పొయ్యి వెలగదు, ఫలితం వచ్చిన కాగితాలు నేను ఇచ్చి వచ్చాను కాబట్టి తెలుసు. అందుకని జనరల్ గారిని ఈ ఒక్కటి తప్పకుండా అడుగు: "సార్, మీకంటే గట్టివాడైన కోర్స్‌మేట్ ఎవరు ఆగిపోయారు? ఆ తర్వాత ఆయనతో ఎలా మాట్లాడారు?" ఆయన మౌనంగా ఉంటే నువ్వూ మౌనంగా ఉండు, తొందరపడి వేరే ప్రశ్న వెయ్యొద్దు.

మేడమ్ గారితో విడిగా కూర్చో. ఫీల్డ్ పోస్టింగ్ వస్తే ఆయన ఒకచోట, ఆమె పిల్లలతో ఇంకొకచోట. పిల్లలు ఎన్ని స్కూళ్లు మారారు, జ్వరం వచ్చిన రాత్రి ఎవరు తీసుకుపోయారు, పల్టన్‌లో జవాన్ చనిపోతే ఆ భార్య దగ్గరికి మొదట ఎవరు వెళ్లారు, ఇవన్నీ ఆమెకే తెలుసు. ఆయన మరచిపోయిన తేదీలు కూడా ఆమె పిల్లల పుట్టినరోజులతో కలిపి చెప్తుంది. ఇంటి వైపు కూడా వదలొద్దు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు ఆయన ఎక్కడున్నారు, ఇక్కడ ఇంటివాళ్లు ఏమయ్యారు, కబురు ఎట్లా తెలిసింది? ఊళ్లకు ఊళ్లు కాపాడిన చేతులు సొంత ఇంటికి అందని రోజు ఏ ఫౌజీకైనా ఒకటి ఉంటుంది.

కొన్ని అడగకు. ఏ పోస్టు ఎక్కడ, ఎంతమంది, ఏ సామాను, ఈ వివరాల జోలికి పోవద్దు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం రిటైరైనవాళ్లకూ వర్తిస్తుంది. ఆయన నోరు జారినా నువ్వు రాయకు. తీవ్రవాదుల ఏరివేత గురించి చెప్తే స్థానికుల పేర్లు రాయకు, వాళ్లు ఇంకా అక్కడే బతకాలి. చనిపోయిన జవాన్ల గురించి రాసే ముందు వాళ్ల ఇంటివాళ్లను అడుగు. ఇందులో మొహమాటం లేదు, పుస్తకం ఆగినా సరే.

రిటైర్మెంట్ భాగం చిన్నదని అనుకోకు. మేజర్ జనరల్ 58 ఏళ్లకు దిగుతారు. మర్నాటి నుంచి కారు మీద రెండు నక్షత్రాల పలక ఉండదు, సహాయక్ (ఆఫీసర్ వెంట పనులు చూసే జవాన్) ఉండడు. కరెంటు బిల్లు కట్టడానికి తానే క్యూలో నిలబడాలి. జవాన్ల విధవలు పెన్షన్ కాగితాలు పట్టుకొని ఆయన గుమ్మానికి వస్తుంటారని విన్నాను. అది నిజమైతే ఒక పొద్దంతా అక్కడే కూర్చొని చూడు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఆయన వెంట పో.

మాట్లాడింది అదే రోజు రాత్రి రాసుకో. పెద్ద కాగితం మీద ఏడాదికో గీత గీసి పోస్టింగులు నింపు, ఖాళీ మిగిలిన చోటే మళ్లీ అడుగు. రాసింది ఆయనకు చదివి వినిపించు. తేదీలు, పేర్లు, స్థలాలు ఆయన దిద్దితే ఒప్పుకో. తన గురించి మెత్తగా మార్చమంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించు. సర్వీసు రికార్డు నకలు ఇస్తే ఆదివారం కడపకు తీసుకొని రా. అందులోని పొట్టి అక్షరాలన్నీ కూర్చొని విప్పి చెప్తాను. అత్త నీకోసం ఓళిగలు చేస్తానంటోంది.

ఇట్లు,
మీ మామ