జూన్‌లో 1987 మిల్లీమీటర్ల వాన

అనంతపురం,
ఆదివారం రాత్రి.

పాపకు మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి పదకొండు గంటలకు నువ్వు ఫోన్ చేసినప్పుడు సగం నిద్రలో ఉన్నాను, ఏదీ సరిగ్గా చెప్పలేకపోయాను. నీ ప్రోగ్రాం పదిసార్లు నడిపితే ఏడుసార్లు బాగానే నడుస్తోందని, మిగతా మూడుసార్లు ఆర్ భాష నడిపే ఆర్‌స్టూడియో బాంబు బొమ్మ చూపించి మూసుకుపోతోందని అన్నావు. "ల్యాప్‌టాప్ పాడైందేమో మామా, కొత్తది కొనాలా?" అని కూడా అడిగావు. కొనొద్దు, ఆ డబ్బు అట్లే ఉంచుకో. ల్యాప్‌టాప్‌కు ఏమీ కాలేదు. స్పీడు కోసం సి భాషలో నువ్వు రాసుకున్న ఆ రెండొందల లైన్లలోనే ఉంది దెయ్యం.

గణాంకాల లెక్కలు వేసే ఉత్త ఆర్ భాషలో తప్పు చేస్తే ఎర్రర్ వస్తుంది, ఏ ఫంక్షన్‌లో వచ్చిందో చెబుతుంది. సిలో తప్పు చేస్తే మాటాపలుకూ ఉండదు. నీది కాని మెమరీలో రాసేసినా సి ఊరుకుంటుంది. అది ఎవరి మెమరీయో వాళ్లు వచ్చి వాడుకునేటప్పుడు ప్రోగ్రాం కూలుతుంది. మన ఊళ్లో చూశావు కదా, పక్క పొలంలో ఎనిమిది వందల అడుగుల బోరు పడితే మన బావి ఆర్నెల్ల తర్వాత ఎండుతుంది. బావిలోకి దిగి ఎంత వెతికినా కారణం దొరకదు. నువ్వు మూడు రోజుల నుంచి చేస్తున్నది అదే. కూలిన చోట, అంటే ఆఖరున గ్రాఫు గీసే దగ్గర, వెతుకుతున్నావు. గ్రాఫు గీసే కోడ్ ఏ పాపమూ చేయలేదు.

అందుకని ముందు కోడ్ మీద చెయ్యి వేయకు. ఇప్పుడున్న ఫైలును అట్లే ఒక కాపీ తీసి పక్కన పెట్టు. ఒక లైను మార్చి చూస్తావు, కూలడం ఆగిపోతుంది, బాగైందనుకుంటావు. బాగవలేదు, మెమరీలో సర్దుబాటు మారి తప్పు ఇంకోచోటికి జరిగిందంతే. మధ్యలో ఒక ప్రింటు లైను పెడితే కూలకపోవడం, తీసేస్తే కూలడం నీకూ అనుభవమయ్యే ఉంటుంది. అట్లా జరిగితే మెమరీ తప్పేనని నూటికి తొంభై పాళ్లు అనుకోవచ్చు.

రెండో పని, ఆర్‌స్టూడియో మూసేసి టెర్మినల్‌లో ఆర్ నడుపు. బాంబు బొమ్మ వల్ల నీకేమీ తెలియదు. టెర్మినల్‌లో అయితే సెగ్‌ఫాల్ట్, అంటే తాకకూడని మెమరీ తాకావు అని, ఏ అడ్రసు దగ్గరో, ఏ ఆర్ ఫంక్షన్ నడుస్తుండగానో కనీసం రాస్తుంది. సెట్‌సీడ్ పెట్టి ప్రతిసారీ అవే అంకెలు వచ్చేట్టు చెయ్యి. అరవై ఏళ్ల వర్షపాతం అక్కర్లేదు, ఇరవై రోజుల డేటా చాలు. పాత వర్క్‌స్పేస్ లోడ్ కాకుండా వెనిల్లా ఆప్షన్‌తో మొదలుపెట్టు. ఇంకోటి, సి ఫైలు మళ్లీ కంపైల్ చేశాక పాత సెషన్‌లోనే నడిపావంటే లోడ్ అయి ఉన్న పాత లైబ్రరీతోనే కుస్తీ పడుతుండొచ్చు. కంపైల్ చేసిన ప్రతిసారీ ఆర్ మూసి తెరువు. ఇది తెలియక నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

ఇక అసలు సంగతి. ఆర్‌లో ఎవరూ వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ అని ఒకడుంటాడు. సాయంత్రం మార్కెట్ యార్డు ఊడ్చేవాడి లాంటివాడు. చీటీ కట్టిన మూట జోలికి పోడు, చీటీ లేనిదాన్ని ఎత్తేస్తాడు. ఆర్‌లో నువ్వు పేరు పెట్టిన ప్రతిదానికీ చీటీ ఉన్నట్టే. కానీ సి ఫంక్షన్ లోపల అల్లోక్‌వెక్టర్‌తో ఒక వెక్టర్, అంటే అంకెల వరుస, తయారుచేసి దాని చోటు చూపే పాయింటర్‌లో పెట్టుకున్నావనుకో, ఆ పాయింటర్ సంగతి ఆర్‌కు తెలియదు. వాడి కంటికి అది ఎవరిదీ కాని మూట. ప్రొటెక్ట్ అని రాయడమంటే దానికి చీటీ కట్టడం. పని అయ్యాక, ఎన్ని కట్టావో అన్నిటికీ లెక్కపెట్టి అన్‌ప్రొటెక్ట్ చేయాలి. ఈ చీటీల దొంతరనే స్టాక్ అంటారు, లెక్క తప్పితే స్టాక్ ఇంబ్యాలెన్స్ అని హెచ్చరిక వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

వాడు ఎప్పుడు ఊడుస్తాడో మనకు తెలియదు. కొత్త మెమరీ అడిగిన ఏ క్షణమైనా రావచ్చు. మెమరీ ఖాళీగా ఉంటే రాడు. నీ ప్రోగ్రాం ఏడుసార్లు నడిచి మూడుసార్లు చావడానికి ఇదే కారణమని నా అనుమానం.

ప్రొటెక్ట్ విషయంలో అందరూ పడే గుంటలు కొన్ని ఉన్నాయి, నేను అన్నిట్లోనూ పడ్డాను. ప్రొటెక్ట్ కాపాడేది ఆ వస్తువును, నీ వేరియబుల్‌ను కాదు. ఎక్స్‌ను ప్రొటెక్ట్ చేసి, తర్వాత అదే ఎక్స్‌లోకి, కోయెర్స్‌వెక్టర్ రకం మార్చి ఇచ్చిన కొత్త వెక్టర్ వేసుకుంటే, చీటీ పాత మూటకే ఉంటుంది. కొత్తదానికి మళ్లీ కట్టాలి. ఒకే కాల్ బ్రాకెట్లలో రెండు కొత్త వస్తువులు తయారుచేయడం ఇంకో గుంట. రెండోదాన్ని తయారుచేసేటప్పుడు మొదటిది గాల్లో ఉంటుంది. అట్లని భయపడి ప్రతిదానికీ కట్టక్కర్లేదు. సి ఫంక్షన్‌ను ఆర్ నుంచి పిలిచే డాట్‌కాల్ ద్వారా వచ్చిన ఆర్గ్యుమెంట్లు ముందే భద్రంగా ఉంటాయి. లిస్టును ప్రొటెక్ట్ చేసి, సెట్‌వెక్టర్‌ఎల్ట్‌తో లోపల పెట్టిన వాటికి కూడా వేరే చీటీ అక్కర్లేదు. లూపు లోపల ప్రొటెక్ట్ చేసుకుంటూ పోయి అన్‌ప్రొటెక్ట్ బయటెక్కడో పెట్టావంటే, మామూలు సెట్టింగుల్లో 50,000 దగ్గర ఆ స్టాక్ నిండి ఎర్రర్ వస్తుంది. నువ్వు పదివేల సిమ్యులేషన్లు అంటున్నావు, ఒక్కోదానికి ఆరు చీటీలైతే లెక్క నువ్వే వేసుకో.

నా కథ చెబుతాను. కొత్తలో ఒక ఆఫీసు కోసం మండలాలవారీగా వర్షపాతం లెక్కలు వేసే ఫంక్షన్ సిలో రాశాను. రెండు వెక్టర్లు తయారుచేయాలి: ఒకటి జూన్ వర్షపాతం, ఇంకోటి సంవత్సరాలు. మొదటిదానికి ప్రొటెక్ట్ మరిచిపోయాను. రెండు నెలలు చక్కగా నడిచింది. ఒకరోజు పెద్ద డేటా ఇచ్చారు. కూలలేదు, ఎర్రర్ రాలేదు, రిపోర్టు ప్రింటయి టేబుల్ మీదికి పోయింది. అందులో ఒక మండలానికి జూన్ వర్షపాతం 1987 మిల్లీమీటర్లు, కింది వరుసలో 1988, ఆ కింద 1989. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్లు పడే జిల్లాలో! పెద్దాయన కళ్లజోడు తీసి, "ఏమప్పా, చిరపుంజి కొనుక్కొచ్చినావా?" అన్నాడు.

జరిగిందేమిటంటే, వర్షపాతం వెక్టర్‌కు చీటీ లేదు కాబట్టి ఊడ్చేవాడు ఎత్తేశాడు. వెంటనే సంవత్సరాల కోసం అదే సైజు వెక్టర్ అడిగాను, ఖాళీ అయిన ఆ స్థలాన్నే ఆర్ ఇచ్చింది. నా పాయింటర్ ఇంకా అక్కడికే చూపిస్తోంది. సంవత్సరాలు వర్షపాతమై కూర్చున్నాయి. అవి 1987, 1988 కాబట్టి పట్టుబడ్డాను. వాటి స్థానంలో జూలై వర్షపాతం వచ్చి కూర్చుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు, ఆ అంకెలతోనే ఎవరో విత్తనాల లెక్క వేసుకునేవాళ్లు. నీ ప్రోగ్రాం కూలుతోందని బాధపడుతున్నావు కానీ, ఆ కూలని ఏడుసార్లు వచ్చిన జవాబుల మీద నాకు ఎక్కువ అనుమానం. థీసిస్‌లో పెట్టిన ఆ టేబుళ్లను తప్పు దొరికాక మళ్లీ తీయాలి. కోప్పడకు, ఇది తప్పదు.

ఇప్పుడు ఆ ఊడ్చేవాడిని మన వైపు తిప్పుకుందాం. జీసీటార్చర్ అని ఆర్‌లోనే ఒక ఫంక్షన్ ఉంది. ట్రూ అని పెడితే మెమరీ అడిగిన దాదాపు ప్రతిసారీ వాడు చీపురు పట్టుకొని వస్తాడు. పదింటికి మూడుసార్లు కూలేది ఇక ప్రతిసారీ, అదీ తప్పుకు దగ్గరలోనే కూలుతుంది. నీ సి ఫంక్షన్ పిలిచే లైనుకు ముందు ఆన్ చేసి, ఆ లైను అయిన వెంటనే ఆఫ్ చెయ్యి, లేకపోతే ప్యాకేజీలు లోడ్ అయ్యేసరికే తెల్లారిపోతుంది. ఇరవై రోజుల డేటా చాలన్నది అందుకే.

దాని తర్వాత, మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ అనే ప్రోగ్రాం. ఆర్‌ను మైనస్ డి ఆప్షన్‌తో దాని కింద నడిపితే, వెక్టర్ చివర దాటి చదివినా, రాసినా, విడిచేసిన మెమరీ తాకినా ఫైలు పేరు, లైను నంబరుతో సహా చెబుతుంది. పని పది నుంచి ముప్పై రెట్లు నెమ్మదిస్తుంది, ఓపిక పట్టు. లైను నంబర్లు కనబడాలంటే కంపైల్ సెట్టింగులుండే మేక్‌వార్స్ ఫైల్లో మైనస్ జీ, మైనస్ ఓ సున్నా అనే ఆప్షన్లు పెట్టి కంపైల్ చెయ్యి. ఒక మెలిక ఉంది: చిన్న వెక్టర్లను ఆర్ తన సొంత పేజీల్లోంచి పంచుతుంది కాబట్టి మామూలు ఆర్‌తో నడిపితే వాటిలో తప్పులు వాల్‌గ్రైండ్‌కు కనబడవు. ఆర్‌ను బిల్డ్ చేసేటప్పుడే వాల్‌గ్రైండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ రెండో లెవెల్ పెట్టాలి. అంత కష్టం ఎందుకనుకుంటే ఆర్-డీబగ్ అని, అన్నీ అమర్చిన పెట్టె లాంటి డాకర్ ఇమేజ్ ఉంది, అందులో వాల్‌గ్రైండ్‌కు ఒక ఆర్, అట్లాంటి తప్పులే పట్టే అడ్రస్ శానిటైజర్‌కు ఇంకో ఆర్ ముందే కట్టి పెట్టారు. శానిటైజర్ చాలా వేగం, కానీ కోడ్‌ను దానికోసం మళ్లీ కంపైల్ చేయాలి. నీది విండోస్ కదా, వాల్‌గ్రైండ్ అక్కడ నడవదు. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ వేసుకుని అందులో లినక్స్ పెట్టుకో, హాస్టల్ వైఫై మీద డౌన్‌లోడ్ రాత్రికి పెట్టి పడుకో.

జీడీబీ అనే డీబగ్గర్ గురించి ఎక్కువ చెప్పను. కూలాక బీటీ అని కొడితే ఏ ఫంక్షన్ ఎవరిని పిలిచిందో మొత్తం దారి కనబడుతుంది. దానికోసం నేర్చుకున్నా చాలు.

ప్రొటెక్ట్ కాకపోతే తర్వాత అనుమానించాల్సింది అంచులు. ఆర్‌లో లెక్క ఒకటి నుంచి, సిలో సున్నా నుంచి. నీ లూపులో చిన్నదానికి బదులు చిన్నదీ-సమానమూ గుర్తు పడిందంటే ఒక గడి బయటికి పోయినట్టే. వాన లెక్క దొరకని రోజులకు ఎన్‌ఏ, అంటే విలువ లేదు అని, పెట్టావు కదా, పూర్ణాంకాల్లో ఎన్‌ఏ అంటే సి దృష్టిలో మైనస్ 2147483648, అంతే. దాన్ని కలిపావంటే మొత్తం పాతాళానికి పోతుంది, ఇండెక్స్‌గా వాడావంటే కూలుతుంది. రేపు సర్వర్ మీద అరవై ఏళ్లు, అంటే 21,915 రోజులను లక్ష సిమ్యులేషన్లతో గుణిస్తే 219 కోట్లు దాటుతుంది, సిలో మామూలు పూర్ణాంకం రకమైన ఇంట్‌లో పట్టేది 214 కోట్ల పైచిలుకే. పొడవులకు, ఇండెక్సులకు అంతకంటే పెద్ద రకమైన ఆర్-ఎక్స్‌లెన్-టీ వాడు.

ఇంకో విషయం నువ్వు ఫోన్‌లో యథాలాపంగా అన్నావు, నేను పట్టుకున్నాను: "ఫంక్షన్ పిలిచాక నా ఒరిజినల్ డేటా కూడా మారుతోంది మామా, మళ్లీ ఫైల్లోంచి చదువుకుంటున్నా" అని. డాట్‌కాల్ కాపీ తీయదు పాపా. నువ్వు సిలో దాని మీద రాస్తే ఆర్‌లో దాన్ని పంచుకున్న పేర్లన్నీ మారతాయి. ముందు డూప్లికేట్ చేసుకో. ఆర్‌ను సి++తో కలిపే ఆర్‌సీపీపీకి మారినా ఈ బాధ తప్పదు, అక్కడ కాపీకి క్లోన్ అనాలి. పైగా అక్కడ ఇంకో తమాషా: న్యూమరిక్‌వెక్టర్ తీసుకునే ఫంక్షన్‌కు దశాంశాల వెక్టర్ ఇస్తే ఒరిజినల్ మారుతుంది, ఒకటి నుంచి పది అని పూర్ణాంకాలు ఇస్తే రకం మార్చడానికి కాపీ తీస్తుంది కాబట్టి మారదు. టెస్టుకు ఒకటి నుంచి పది ఇచ్చి అంతా బాగుందనుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

సిలో మాలోక్‌తో తీసుకున్న మెమరీ సంగతి కూడా చూడు. మధ్యలో ఎర్రర్ ఫంక్షన్ పిలిస్తే అది నేరుగా ఆర్‌లోకి దూకుతుంది, ఆ మెమరీ వదిలేయడానికి కింద నువ్వు రాసిన ఫ్రీ దాకా రాదు. తాత్కాలిక పనికి ఆర్-అల్లోక్ వాడితే కాల్ అయిపోగానే ఆరే వదిలించుకుంటుంది. నాలుగు కోర్ల మీద ఒకేసారి నడపాలని, పనిని థ్రెడ్లుగా పంచే ఓపెన్‌ఎంపీ కూడా పెట్టబోతున్నావని మీ అమ్మ చెప్పింది, ఆమెకు ఆ మాట ఎట్లా నోరు తిరిగిందో! పెట్టు, కానీ ఆ థ్రెడ్లలోంచి ఆర్ ఫంక్షన్ ఒక్కటి కూడా పిలవకు, ఎర్రర్ కూడా.

నువ్వు మెయిల్‌లో పంపిన ఫైలు రెండుసార్లు చదివాను. ఏ లైనో నాకు తెలిసిందనే అనుకుంటున్నా, చెప్పను. చెబితే జీసీటార్చర్ పెట్టవు, వాల్‌గ్రైండ్ వేసుకోవు, నాకు తెలుసు నీ సంగతి. ఆ లైను నంబరు ఒక కాగితం మీద రాసి మీ అత్తకు ఇచ్చాను, పోపుల డబ్బాలో దాచింది. మంగళవారం రాత్రికల్లా వాల్‌గ్రైండ్ చెప్పిన నంబరు నాకు పంపు. అప్పుడు డబ్బా తెరిపిద్దాం.

మీ మామ