ముందు మీ ఆయనకి నిజం చెప్పండి

అమ్మా, మీ మెయిల్ చదివాను. మీ అమ్మాయికి అనాపొలిస్ నేవల్ అకాడమీలో (అమెరికా నౌకాదళానికి ఆఫీసర్లని తయారుచేసే కాలేజీ) సీటొచ్చింది, మీ స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ కూడా వచ్చింది, తనేమో అకాడమీకే వెళ్తానంటోంది, మీ ఆయన "ఇందుకేనా ఇంత దూరం వచ్చి కష్టపడింది" అని ఒక్క మాట అనేసి అప్పట్నుంచి పిల్లతో మాట్లాడటం మానేశారు, ఏది మంచిదో చెప్పండి, అమ్మాయి మనసు ఎలా మార్చాలో చెప్పండి అని అడిగారు. ఆ మధ్యలో ఒక్క లైన్ రాశారు, "నాకు ఏడాది నుంచి తెలుసు, ఆ సంగతి మాత్రం ఆయనకి తెలీదు" అని, రాసి గబగబా మళ్ళీ ఫీజుల్లోకి వెళ్ళిపోయారు. నేను ఆ లైన్ దాటి ముందుకి పోలేకపోయాను.

అడిగారు కాబట్టి కాలేజీ సంగతి తొందరగా చెప్పేస్తా. రెండూ మంచివే. అకాడమీలో ట్యూషన్ ఉండదు, ఉండటం తినడం వాళ్ళే చూస్తారు, నెలనెలా కొంత జీతం కూడా ఇస్తారు, నాలుగేళ్ళకి బ్యాచిలర్ ఆఫ్ సైన్స్ డిగ్రీ చేతికొస్తుంది, దానికి బదులు ఆఫీసరుగా కనీసం 5 ఏళ్ళు పనిచెయ్యాలి, పైలట్ అవుతానంటే ఇంకా ఎక్కువే. చేరిన మొదటి వేసవి, ప్లీబ్ సమ్మర్ అంటారు, చాలా కష్టంగా ఉంటుంది, ఫోన్ కూడా చేతిలో ఉండదు. యూనివర్సిటీలో అయితే తన టైమ్ తనది, నచ్చకపోతే మేజర్, అంటే ముఖ్యమైన సబ్జెక్టు, మార్చుకుంటుంది, సెలవులకి ఇంటికొస్తుంది, ఫీజు మీరు కడతారు. కావాలంటే అక్కడ చదువుకుంటూనే ఆర్‌ఓటీసీలో, అంటే కాలేజీల్లో నడిచే మిలిటరీ ఆఫీసర్ల ట్రైనింగులో, చేరి కూడా ఆఫీసర్ అవ్వచ్చు, ఆ దారి ఉందో లేదో కనుక్కోండి. ఇందులో ఏది అన్నది పొద్దున్నే లేచి పరిగెత్తాల్సిన మనిషి తేల్చుకోవాలి, మీరూ నేనూ కాదు.

మనసు మార్చే ఉపాయం నేను చెప్పను. ఈ సీటు అప్లికేషన్ ఫామ్ నింపితే వచ్చేది కాదమ్మా. మామూలుగా అమెరికా పార్లమెంటులో ఉండే సెనేటరో కాంగ్రెస్ సభ్యుడో నామినేట్ చెయ్యాలి, ఒక్కో సభ్యుడి లెక్కలో ఒక్కో అకాడమీలో ఒకేసారి ఐదుగురికి మించి ఉండరు, దాని పైన మెడికల్, ఫిట్‌నెస్ టెస్టు, ఇంటర్వ్యూలు. పదిహేడేళ్ళ పిల్ల ఇవన్నీ దాటుకుని వచ్చిందంటే అది సరదా కాదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మీరే రాసిన మాటలు మీకే చూపిస్తాను. ఫిట్‌నెస్ టెస్టులో మోకాళ్ళ మీద కూర్చుని బాస్కెట్‌బాల్ విసరాలని అమ్మాయి గరాజ్ ముందు ప్రాక్టీస్ చేస్తుంటే, ఎంత దూరం పడిందో టేపు పట్టుకుని కొలిచింది మీరు. ఆయనొచ్చి ఏంటిదంటే స్కూల్ గేమ్ అన్నారు. మెడికల్‌కి మీరే కారులో తీసుకెళ్ళి డెంటిస్ట్ దగ్గరికి అని చెప్పారు. ఇంటర్వ్యూకి బ్లేజర్ కొని డిబేట్ కోసం అన్నారు. ఇంత చేసిన మనిషి, ఆయన కోపం చూడగానే "నా పేరు చెప్పకు" అని పిల్ల చేత ఒట్టు వేయించుకున్నారు. ఆ పిల్ల ఒట్టు నిలబెట్టుకుంది. "ఎవరికీ చెప్పకుండా ఇంత పని చేశావా" అని వాళ్ళ నాన్న అంటుంటే మీ పేరు ఎత్తకుండా తలవంచుకుని నిలబడింది, మీరు వంటింట్లో ఉండి విన్నారు. ఇది చదివినప్పుడు నాకు చాలా బాధేసింది, కోపం కూడా వచ్చింది, దాచుకోను. ఇప్పుడు అదే పిల్లని వెళ్ళొద్దని ఒప్పించమంటున్నారు, తను ఆగిపోతే మీరు దాచింది బయటపడదు కాబట్టి. ఇలా అనుకుని అడిగారని నేను అనట్లేదు, కానీ జరిగేది మాత్రం అదే.

నాకు తెలిసి మీ ఇంట్లో చెడింది తండ్రీకూతుళ్ళ మధ్య కాదు, మీ ఇద్దరి మధ్య. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన ముందు "నేను ఇంకోలా అనుకుంటున్నా" అని ఒక్కసారి కూడా అనలేదని రాశారు, అదేదో సర్దుకుపోవడం అన్నట్టు రాశారు. సర్దుకుపోవడం నాకూ తెలుసు, అందరి ఇళ్ళల్లో ఉండేదే, కానీ మీ భయానికి పిల్లని అడ్డం పెట్టుకోవడాన్ని నేను ఆ లెక్కలో వెయ్యలేను. మీ ఆయన చెయ్యి చేసుకునే మనిషి కాదు, తిట్టే మనిషి కూడా కాదు, మౌనంగా ఉండిపోతారంతే అని మీరే చెప్పారు. (వేరే రకం మనిషైతే నా సలహా వేరేగా ఉండేది.) ఆ మౌనానికే మీకింత భయం. పైగా అమ్మాయితో "నాన్నకి బీపీ, నీవల్లే పెరుగుతుంది" అన్నారట. దయచేసి ఆ మాట ఇంకెప్పుడూ అనకండి.

మీ ఆయన బాధలో నాకు తప్పేమీ కనపడలేదు. వీసా మీదొచ్చి, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసి, ఉద్యోగం పోతుందేమోనని భయపడుతూ బతికిన మనిషి, కూతురు నిశ్చింతగా ఉండే జీవితం కోరుకోడా? ఓడ మీద నెలల తరబడి ఉంటుందంటే, యుద్ధం వస్తే వెళ్ళాలంటే ఏ తండ్రికి నిద్ర పడుతుంది. ఆ భయం చెప్పుకునే టైమ్ ఏడాది పాటు ఆయనకి దొరికేది, మీరు ఇవ్వలేదు.

ఈ వారంలోనే చెప్పండి. అమ్మాయి ఇంట్లో లేనప్పుడు కూర్చోబెట్టి, "నాకు మొదట్నుంచీ తెలుసు, నేనే తీసుకెళ్ళాను, మీకు అబద్ధం చెప్పింది నేను, నా పేరు చెప్పొద్దని దాన్ని ఆపింది కూడా నేనే" అనండి. "మీరు మాట్లాడటం మానేస్తారని" లాంటి మాట పక్కన చేర్చొద్దు, అది మళ్ళీ తప్పు ఆయన మీదకి నెట్టడం అవుతుంది. ఆయన మీతో కూడా మాట్లాడటం మానేస్తారు, కొన్నాళ్ళు తట్టుకోండి, మీ అమ్మాయి తట్టుకుంటోంది కదా. ఆ తర్వాత వాళ్ళిద్దర్నీ నేరుగా మాట్లాడుకోనివ్వండి, ఈయన మాట అటూ దాని మాట ఇటూ మోయకండి. ఆయన్ని అడగాల్సినవన్నీ అడగనివ్వండి, ఆడపిల్లలకి అక్కడ ఎలా ఉంటుంది అని కూడా. 1976 నుంచి ఆడపిల్లల్ని తీసుకుంటున్నారు, జవాబు చెప్పగలిగిన తల్లిదండ్రులు చాలామందే ఉంటారు. చేరాక నచ్చకపోతే మొదటి రెండేళ్ళలో బయటికి వచ్చేయొచ్చు, మూడో ఏడాది మొదట్లో సంతకం పెట్టాకే సర్వీసు బాకీ మెడకి పడుతుందని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఈ ఒక్క విషయంతోనే ఆయన మనసు సగం కుదుటపడొచ్చు. అమ్మాయికి 18 నిండలేదు కాబట్టి చేరేటప్పుడు తల్లిదండ్రుల సంతకం అడుగుతారు, అది ఆయనకి తెలియకుండా మాత్రం పెట్టకండి.

మిలిటరీ పిల్లని ఎవరు చేసుకుంటారని మీ తోటికోడలు అన్నదానికి మీరు జవాబు చెప్పాల్సిన పని లేదు. ఇక ఇండియాలో అత్తగారికి ఏం చెప్పాలని అడిగారు. అది మీ ఆయన చెప్తారు, ఆవిడ ఆయన తల్లి. యూనివర్సిటీకి మే 1 లోపు అవునో కాదో చెప్పాలి కదా, ఆ మెసేజ్ మీ అమ్మాయినే పంపనివ్వండి, అంతకుముందే మీరు ఆయనతో మాట్లాడి ఉండాలి.