హాస్టల్లో ఉన్న మా అబ్బాయికి ఆటలమ్మ పోసింది. కాలేజీకి చెప్పాలా, చెప్పకుండా ఇంటికి తెచ్చేసుకోవాలా?

చెప్పండి. ఈరోజే చెప్పండి. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, చెప్పకుండా దాచిన గదిలో ఒకప్పుడు నేనూ ఉన్నాను.

2006 మార్చి. గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్, మూడో సంవత్సరం, గదికి నలుగురం. ఒక పొద్దున మా రూమ్మేట్ అద్దం ముందు నిలబడి "ఇదేంట్రా, దోమ కుట్టిందా?" అని ఛాతీ చూపించాడు. ఎర్రటి మచ్చ, దాని మీద నీటి బొట్టు అంటించినట్టు పొక్కు. సాయంత్రానికి వీపు నిండా అవే. మాలో ఒకడు చెప్పులు విప్పేసి దణ్ణం పెట్టి, "అమ్మోరు పోసిందిరా. వార్డెన్‌కి మాత్రం చెప్పకండి" అన్నాడు.

ఎందుకు చెప్పకూడదో మా అందరికీ తెలుసు. అంతకు ముందు ఏడాది ఒక సీనియర్‌కి ఇలాగే వస్తే, జ్వరంతో కాలిపోతున్నవాణ్ణి రాత్రికి రాత్రి ఆటో ఎక్కించి బస్టాండ్‌లో దింపేసి వచ్చారు. కిక్కిరిసిన బస్సులో ఐదు గంటలు ప్రయాణం చేశాడు వాడు. గేటు దాటిస్తే చాలు, ఆ జబ్బుతో కాలేజీకి ఇంక సంబంధం లేదన్నమాట! రెండోది అటెండెన్స్. 75 శాతం ఉండాలి. 65 దాటితే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, తగ్గిన హాజరుని మన్నించడానికి కండొనేషన్ ఫీజు కట్టి గట్టెక్కచ్చు. అంతకన్నా తగ్గితే డిటైన్, అంటే పరీక్షలు రాయనివ్వరు. మావాడు అప్పటికే 66 దగ్గర వేలాడుతున్నాడు.

అందుకని దాచాం. మెస్ వెనక చెట్టు వేపాకు కోసుకొచ్చి వాడి దిండు కింద పెట్టాం. అన్నం ప్లేటు దుప్పటి చాటున గదికి తెచ్చాం. నాలుగో రోజు ల్యాబ్ ఇంటర్నల్. ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసి, మెడ దాకా గుండీలు పెట్టి పంపించాం. నేనూ అదే బ్యాచ్.

ల్యాబ్ మేడమ్‌కి అప్పుడు ఏడో నెల. కుర్చీలో నుంచి లేవాలంటే బల్ల పట్టుకునేవారు. రికార్డు మీద సంతకం పెడుతూ మావాడి చేతి వైపు చూశారు. కఫ్ కొంచెం పైకి జరిగింది, మణికట్టు మీద రెండు పొక్కులు. ఒకటి అప్పటికే చితికి చొక్కాకి అంటుకుంది. మేడమ్ పెన్ను ఆగిపోయింది.

"ఎన్నో రోజు?"

"నాలుగోది మేడమ్."

"నాకు ఐదో క్లాసులోనే పోసింది కాబట్టి సరిపోయింది. లేకపోతే?"

అరవలేదు. మార్కులు వేసి, వాణ్ణి గదికి పొమ్మన్నారు. గర్భిణికి ఆటలమ్మ సోకితే న్యుమోనియా దాకా పోవచ్చని, కాన్పు రోజుల్లో వస్తే పసిబిడ్డ ప్రాణానికే ముప్పని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఎక్కడ వేపమండ చూసినా ఆ పెన్ను ఆగిన క్షణమే గుర్తొస్తుంది.

ఇంత జరిగాక నాకు బుద్ధి వచ్చి ఉంటుందనుకుంటున్నారా? సరిగ్గా పదిహేనో రోజు నాకు మొదలైంది. మర్నాడు సెమిస్టర్ పరీక్ష. నేనూ ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని వెళ్లి రాసొచ్చాను. తిట్టుకుంటే తిట్టుకోండి. చెబితే నష్టం నాకు, దాస్తే నష్టం ఊరూ పేరూ తెలియని ఎవరికో. లెక్క అలా పెట్టినంతకాలం ఏ కుర్రాడూ నోరు విప్పడు. నోటీసు బోర్డులో ఎన్ని కాగితాలు అంటించినా అంతే.

తర్వాత కండొనేషన్‌కి వెళ్తే ఆఫీసులో గుమాస్తా ఏమన్నాడో తెలుసా? "జబ్బు ఉన్నప్పుడే స్వయంగా వచ్చి సర్టిఫికెట్ ఇవ్వాలి కదా" అన్నాడు. ఒంటి నిండా పొక్కులతో ఆ కిటికీ ముందు లైన్లో నిలబడాలట. ఇప్పుడేమైనా మారిందా అంటే, 2023 వానాకాలంలో కళ్ళకలక తిరిగినప్పుడు మా మేనల్లుడి హాస్టల్ నుంచి వచ్చిన మెసేజ్ "నల్ల కళ్ళజోడు పెట్టుకుని క్లాసుకు హాజరు కావలెను". అది అంటుకునేది చేతులవల్ల, తువ్వాళ్లవల్ల. నల్లద్దాలు చూసి ఆగుతుందా?

ఇక మీ సంగతి. మాటతో చెప్పి ఊరుకోవద్దు. పొక్కులు ఏ తేదీన మొదలయ్యాయో రాసి వార్డెన్‌కి, హెచ్‌వోడీకి (వాడి బ్రాంచి హెడ్‌కి) వాట్సాప్ పెట్టండి. రేపు అటెండెన్స్ గొడవ వస్తే చూపించడానికి అదే సాక్ష్యం. బాత్రూం ఉన్న విడి గది, గుమ్మం దగ్గరికి భోజనం అడగండి. బస్సులో మాత్రం తీసుకురావద్దు. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా అంటుతూనే ఉంటుంది, మామూలుగా ఐదు నుంచి ఏడు రోజులు. సొంత కారు ఉంటే వేరే సంగతి.

ఈరోజే అన్నదెందుకంటే, ఆటలమ్మకి ఇచ్చే అసైక్లోవిర్ అనే మందు మొదటి ఇరవై నాలుగు గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. పెద్ద పిల్లలకి ఆటలమ్మ చిన్నపిల్లలకి వచ్చినంత తేలిగ్గా పోదు, డాక్టర్‌కి చూపించండి. మీ అత్తగారో అమ్మగారో "అమ్మోరికి మందేంటి, కళ్ళు పోతాయి" అంటారు. వాళ్ల భయం మశూచి నాటిది. మన దేశంలో అది 1975తోనే పోయింది గానీ భయం మాత్రం ఈ చిన్నమ్మోరి మీదికి వచ్చి కూర్చుంది. వేపాకు పెట్టుకోనివ్వండి, మందూ వేయించండి. ఆస్పిరిన్ మాత్రం వద్దు.

ఇంకొకటి. మీవాడి రూమ్మేట్లకి ఇదివరకు పోసి ఉండకపోతే, అంటిన మూడు నుంచి ఐదు రోజుల్లోపు టీకా వేయించుకుంటే చాలావరకు రాకుండా పోతుంది, వచ్చినా తేలిగ్గా పోతుంది. పొక్కు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుతుంది కాబట్టి ఆ గడువులో కొంత అప్పుడే అయిపోయింది. కాలేజీ వాళ్లు వాళ్ల ఇళ్లకి చెప్తారని చూస్తూ కూర్చోకండి. మీవాణ్ణి అడిగి నంబర్లు తీసుకుని మీరే ఫోన్ చేయండి. శని, ఆదివారాలకి ఇంటికి వెళ్లే పిల్లలు ఉంటారు, ఆ ఇళ్లలో ఏ వదినో నెలలతో ఉండొచ్చు.