మీ నాన్నగారి చేతికి స్పర్శ మళ్లీ నేర్పాలి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో చూశాను. మీ నాన్నగారు కుడిచేతి వేళ్లు ముడుస్తున్నారు, విప్పుతున్నారు. సంతోషం. కానీ గ్లాసు చేతికిస్తే దాని వైపు చూస్తున్నంతసేపే పట్టుకోగలుగుతున్నారు. చూపు టీవీ మీదికి మళ్లగానే గ్లాసు జారిపోతోంది. అది బలం చాలక కాదమ్మా. చేతిలో గ్లాసు ఉందన్న కబురు మెదడుకు అందడం లేదు. ఇంట్లోవాళ్లంతా కదలిక కోసమే ఎదురు చూస్తారు, స్పర్శ గురించి ఎవరూ అడగరు. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి స్పర్శ ఎంతో కొంత దెబ్బతింటుంది. ఇన్నేళ్లు ఫిజియోథెరపీ చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, స్పర్శ తెలియని చేతికి ఎంత బలం వచ్చినా మనిషి దాన్ని వాడటం మానేస్తాడు.

మీ నాన్నగారి చేతిలో చర్మం, నరాలు బాగానే ఉన్నాయి. దెబ్బ తగిలింది మెదడులో ఆ చేతి కబుర్లు అందుకునే చోట. మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ మెలకువగా ఉన్న రోగుల మెదడు మీద సన్నగా కరెంటు తాకించి, ఏ భాగం ఒంట్లో ఏ చోటుకు సంబంధించిందో 1937లో పటం గీశాడు. ఆ పటంలో వీపు మొత్తానికి దక్కిన చోటు కంటే చేతివేళ్లకు దక్కిందే చాలా ఎక్కువ. అందులో కొంత పోయినా, మిగిలిన భాగాలు ఆ పని కొంతవరకు నేర్చుకోగలవు. కాకపోతే పదేపదే నేర్పాలి, ఆయన మనసు పెట్టాలి. ఆయన పేపరు చదువుకుంటుంటే మీ అమ్మ పక్కన కూర్చుని అరచెయ్యి రుద్దడం వల్ల హాయిగా ఉంటుందేమో గానీ మెదడు ఏమీ నేర్చుకోదు.

ఎలా మొదలుపెట్టాలంటే, టీవీ కట్టేసి, చెయ్యి మొత్తం బల్ల మీద ఆనేలా ఆయన్ని కూర్చోబెట్టు. భుజం వేలాడకూడదు. దూది, కొబ్బరి పీచు తీసుకో. ముందు ఆయన్ని చూడమని చెప్పి వాటిలో ఒకదాన్ని వేళ్ల మీద నెమ్మదిగా రుద్దు. తరవాత కళ్లు మూసుకోమని మళ్లీ రుద్ది, తగిలింది ఏ వస్తువో చెప్పమను. తప్పు చెబితే కళ్లు తెరిపించి చూపించు, అదే వస్తువును ఎడమచేతికి తాకించి "ఇది ఇలా ఉంటుంది" అని పోల్చుకోనివ్వు. మళ్లీ కళ్లు మూయించు. ఈ చూడటం, మూయడం, పోల్చుకోవడం మాత్రం వదలొద్దు, చికిత్స అంతా అందులోనే ఉంది. దూదికీ పీచుకీ తేడా పట్టుకున్నాక తువ్వాలు, గోనెగుడ్డ, పట్టు అంచు, గరుకు కాగితం ఇలా తేడా తగ్గిస్తూ పో. ఒకేసారి పది రకాలు ముందు పెట్టకు, విసుగొచ్చేస్తుంది.

తరవాత వస్తువులు. బేసిన్‌లో బియ్యం పోసి అందులో తాళంచెవి, రూపాయి బిళ్ల, చెంచా, చింతగింజలు దాచిపెట్టు. చూడకుండా వెతికి తియ్యాలి. నువ్వు తీసి ఆయన చేతిలో పెడితే అది నీ పని అవుతుంది. వేళ్లు తిరగకపోతే నీ చేత్తో ఆయన వేళ్లను వస్తువు చుట్టూ తిప్పు, కానీ జవాబు ముందే చెప్పకు. మీ అమ్మకి ఇది గట్టిగా చెప్పు, దానికి తొందరెక్కువ.

ఇంకొకటి, ఆయన కళ్లు మూసుకున్నప్పుడు చూపుడువేలిని పైకో కిందికో మెల్లగా కదిపి ఎటు కదిలిందో అడుగు. ఎడమచేత్తో అలాగే పెట్టి చూపించమను. వేలు ఎక్కడుందో తెలియకపోతే చొక్కా గుండీ పట్టడం చాలా కష్టం.

పది పదిహేను నిమిషాలు చాలు, రోజుకు రెండు మూడు సార్లు. అలసిపోయాక చేయిస్తే అన్నీ తప్పులే వస్తాయి, ఆయనకి కోపం వస్తుంది.

అన్నం సంగతి. ఎడమచేత్తో తినడం నామోషీ అనిపించి ఆయన బంధువులు వస్తే తినడమే మానేస్తున్నారని రాశావు. నాకు చాలా బాధేసింది. మిగతా అన్నం స్పూనుతో తిన్నా పర్వాలేదు, మొదటి నాలుగు ముద్దలు మాత్రం కుడిచేత్తో కలపనివ్వు. పప్పన్నం మెత్తదనం, వేపుడు ముక్క గట్టిదనం, పెరుగన్నం చల్లదనం ఇవన్నీ ఆ వేళ్లకి పాఠాలే. బట్టల మీద పడుతుంది, పడనీ. కానీ అన్నం వేడి నువ్వే చూడు, ఆ చేతికి కాలినా తెలియదు.

ఈ వేడి విషయంలోనే నాకు భయం. కాపడం పెడతామని, వేన్నీళ్లలో చెయ్యి ముంచుతామని చుట్టాలు చెబుతారు. బొబ్బలెక్కిన చేతులు నేను చాలా చూశాను. నీళ్ల వేడి ఎప్పుడూ ఆయన ఎడమచేత్తో గానీ నీ మోచేత్తో గానీ చూశాకే తగలనివ్వాలి. పావురాయి రక్తం పూయమని ఎవరైనా అంటే దణ్ణం పెట్టి పంపించెయ్. ఆయనకి షుగరు కూడా ఉంది కదా, రోజూ రాత్రి వేళ్ల సందులూ గోళ్లూ చూడు.

అద్దం పద్ధతి గురించి అడిగావు, అంటే బాగున్న చెయ్యి కదులుతుంటే దాని నీడను అద్దంలో చూస్తూ, పడిపోయిన చెయ్యే కదులుతున్నట్టు మెదడుకు అనిపించేలా చెయ్యడం. తమిళనాడులో పుట్టిన రామచంద్రన్ అనే మెదడు శాస్త్రవేత్త, చెయ్యి తీసేసినవాళ్లకు ఆ లేని చేతిలోనే వచ్చే నొప్పి కోసం 1990లలో మొదలుపెట్టింది అది. వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచి చూసే కాక్రేన్ అనే సంస్థ 2018 సమీక్షలో 62 అధ్యయనాలు చూసి, పక్షవాతం తరవాత కదలిక మెరుగవడానికి అది పనికొస్తుందని చెప్పింది. చేయించు, మంచిదే. స్పర్శ పాఠాలకు మాత్రం అది బదులు కాదు.

మిషన్ల మీద ముందే డబ్బు పోయకు. 2010లో అదే కాక్రేన్ వాళ్లు స్పర్శ చికిత్సల మీద 13 అధ్యయనాలు చూసి, ఫలానాదే పనిచేస్తుందని చెప్పడానికి ఆధారాలు చాలవన్నారు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో 50 మందితో చేసిన పరీక్షలో, నేను పైన చెప్పినలాంటి శిక్షణ తీసుకున్నవాళ్లకు స్పర్శలో తేడాలు పట్టే శక్తి మెరుగైంది. అందుకే ఖర్చులేని దానితో మొదలుపెట్టమంటున్నాను. చేతికి సన్నగా కరెంటు తగిలించే మిషను ఎవరైనా అమ్మజూపితే డాక్టర్ని అడగకుండా పెట్టొద్దు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి అది ప్రమాదం కావచ్చు.

మీ ఊళ్లో ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పేవాళ్లు, ఉంటే ఒకసారి చూపించి, నేను రాసినవాటిలో ఆయనకి ఏవి సరిపోతాయో అడుగు. మంచం మీంచి లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి ఎవరూ లాగకూడదు, భుజం జారుతుంది. చెయ్యి వాచి, ఎర్రబడి, ముట్టుకుంటేనే మంట అంటే రుద్దడం ఆపి వెంటనే డాక్టరుకి చూపించు. మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యో కాలో కొత్తగా పడిపోయినా నాకు ఫోన్ చెయ్యకు, ముందు 108కి చెయ్యి.

ఆదివారం వీడియో కాల్ చెయ్యి. బియ్యం బేసిన్ సిద్ధంగా పెట్టు, ఆయనతో నేను మాట్లాడతాను.

మీ పెద్దమ్మ